గొణుగుడు పూట

రేవతి కార్తె, ఆఖరి రోజు

చీటీల్లో నా పేరే వచ్చింది. ఈ ఎండాకాలమంతా మా నాపదొన ఊరికి ఊరిచెవిని నేనే. ఇంత పెద్ద ఊళ్ళో ఆ చీటీ ఈ మద్దిలేటి నెత్తినే పడాలా?

ఊరిచెవి రోజూ పొద్దున పెద్దసావిట్లో బల్ల వేసుకొని కూర్చోవాలి. వచ్చినవాళ్ళను "ఏం బాలేదు?" అని అడగాలి. అడిగాక నోరు మూసుకోవాలి. ఎదురు చెప్పకూడదు, నవ్వకూడదు, విసుక్కోకూడదు. ఆ తర్వాత చెప్పిన చోటికల్లా నడిచిపోయి కళ్ళారా చూసి రావాలి. చెప్పిన మనిషి తన నోటితో తాను "సరే" అనేదాకా ఆ ఫిర్యాదు మూతపడదు. నేల మీద ఎండకు నిలవలేక పాత నాపరాళ్ళ గనుల్లోకి దిగి కాపురం పెట్టిన మా తాతలు ఈ ఆచారాన్ని మాకు అంటగట్టిపోయారు. దీన్నే గొణుగుడు పూట అంటారు. జరిగినదంతా ఇలా రాసిపెట్టడం కూడా ఊరిచెవి పనేనట.

మా ఆవిడ సుంకులమ్మ సంగతి విని మూతి తిప్పింది. "మంచిదేలే. ఇంట్లో నేను చెప్పేది ఎట్లా వినవు. ఆడన్నా కూర్చొని విను" అంది. ఆ వెంటనే తన చెల్లెలి మొగుణ్ణి తలుచుకుంది. "కేశవులు మరిదికి చూడు, మళ్ళా పదవి పెంచినారంట. పక్కూరు నవకాంతికంతా గాలి అధికారంట."

చూశాను. పదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. మాకు ఒకేరోజు ఒకే పందిట్లో పెళ్ళిళ్ళయ్యాయి. మామ ఆ రోజే అతనికి ఒక వడ ఎక్కువ వడ్డించాడు.

అశ్వని కార్తె, మూడో రోజు

ఈరోజు వరుసలో మొదటి మనిషి టిఫిను అంగడి ఖాజాబీ. నిన్నా ఆమే, మొన్నా ఆమే.

"ఏం బాలేదు?" అన్నాను.

"నా దోసెపిండి మధ్యాన్నానికే పులిసిపోతాంది నాయనా. ముందంతా సాయంత్రం దాకా బంగారంగా ఉండేది. పక్కింటి ఈశ్వరమ్మ కన్నే తగిలింది. పొద్దున్నే వచ్చి గిన్నెలోకి తొంగిచూసి 'ఎంత తెల్లగుందో' అంటాది. ఆమె నా అంగడి దిక్కు రాకుండా సభలో తీర్మానం చేయాల."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. ఆమె వెనకాలే ఈశ్వరమ్మ నిలబడి ఉంది. ఈశ్వరమ్మ ఫిర్యాదు ఖాజాబీ నోటి మీద.

రూలు ప్రకారం అంగడికి పోయి గిన్నె చూశాను. పులిసిన పిండి పులిసినట్టే ఉంది. అందులో నేను చూడాల్సిందేమిటో నాకు తెలియలేదు. "సరేనా ఖాజాబీ?" అన్నాను. "ఏం సరే? నా పిండి బాగైందా?" అంది. ఫిర్యాదు మూతపడలేదు.

ఇదే వేళకు కేశవులు నవకాంతిలో తెల్లచొక్కా నలగకుండా కుర్చీలో కూర్చొని ఉంటాడు. అతని ముందుకు పులిసిన పిండి పట్టుకొచ్చే ధైర్యం ఎవరికుంటుంది? తలుచుకుంటే అన్నం సహించలేదు.

అశ్వని కార్తె, పదకొండో రోజు

కేశవులు పదవి విందుకు నవకాంతికి పోయొచ్చాం. మా ఊరికీ వాళ్ళ ఊరికీ నడుమ గనిలోంచే నడవా ఉంది. ఈ చివర మా తలుపు, ఆ చివర వాళ్ళ తలుపు. మా తలుపు తీసేటప్పుడు కిర్రుమంటుంది. దాని మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. వాళ్ళ తలుపు మనిషి చెయ్యి పడకుండానే జారిపోతుంది. పైన పలక మీద పచ్చటి అక్షరాలు వెలుగుతుంటాయి: 'అందరూ బాగున్నారు.'

ఊరు అద్దంలా ఉంది. వీధుల్లో అరుపు లేదు, తగువు లేదు. ఊరినంతా నడిపేది కాంతి అనే యంత్రం. ప్రతి మనిషి చేతికీ ఒక కడియం. సాయంత్రమయ్యేసరికి 'బాగుంది' అనే మీట గానీ 'బాగాలేదు' అనే మీట గానీ నొక్కాలి. సగం ఇళ్ళు బాగాలేదంటే కాంతి తన పని మార్చుకుంటుంది, మూసిన నడవా తలుపు కూడా తనే తీస్తుంది. అంతకంటే తక్కువమంది నొక్కితే నొక్కినవాళ్ళే పనిలేక గొణుగుతున్నారని లెక్క. వాళ్ళ ఇళ్ళకు నీళ్ళు తగ్గిపోతాయి.

"ఏడేండ్లుగా ఆ మీట నొక్కినోడు లేడన్నా" అన్నాడు కేశవులు, కడియం నా మొహం ముందు ఆడిస్తూ. "మీరింకా బల్లేసుకొని కూర్చోవాల్నా? ఇదెక్కడి కర్మ!"

నా మొహం మాడిపోయింది. సుంకులమ్మ మాత్రం అక్కడి గోడలు మురిపెంగా తడిమి తడిమి చూసింది.

కేశవులు పెళ్ళాం నాగరత్న దోసెలు పోసింది. పొద్దున్నే పోసింది, పొద్దున్నే పెట్టింది. మధ్యాహ్నం ఇంకో రెండు వెయ్యమని అడిగితే, "ఇక్కడ మధ్యాన్నం దోసెలు తినము బావా" అంది, వాకిలి దిక్కు చూస్తూ. ఎంత క్రమశిక్షణో అనుకున్నాను.

బయల్దేరేటప్పుడు కేశవులు నన్ను పక్కకు పిలిచాడు. రోహిణి కార్తెకు ముందే మాకు అక్కడ ఇల్లు ఇప్పిస్తాడట. రోహిణి వస్తే రెండు తలుపులూ మూసేస్తారు, మళ్ళీ మృగశిర దాకా తెరవరు. "ఆలోచించుకోన్నా. వదిన సుఖపడతాది" అన్నాడు. నా పెళ్ళాన్ని సుఖపెట్టడం కూడా అతని చేతిమీదుగానే జరగాలన్నమాట!

భరణి కార్తె, అయిదో రోజు

వాళ్ళ ఊళ్ళో వాళ్ళ దయ మీద బతకడం నావల్ల కాదు. మా ఊరే నవకాంతిలా అయితే పోయే పనే ఉండదు. అందుకే ఈరోజు సభలో లేచి, ఈ ఎండాకాలానికి గొణుగుడు పూట ఆపేద్దామన్నాను.

"ఊరికి గాలి దింపే గాలిబావులు చూసుకోవాల్సిన రోజుల్లో నేను పిండిగిన్నెలు చూస్తాండా. ఆపద వచ్చేటప్పుడు ఒక్కమాట మీద ఉండాల. పక్క ఊరు చూడండి, ఎట్ల మెరుస్తాందో!" అన్నాను. చాలా బాగా మాట్లాడానని ఇప్పటికీ అనుకుంటున్నాను. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

ఎదురు మాట్లాడడానికి ఖాజాబీ లేచింది.

"మద్దిలేటికి తన తోడల్లుణ్ణి చూసి కుళ్ళు. ఆ కుళ్ళు తగ్గడానికి నా నోరు కుట్టేయాల్నా?" అంది.

సావిడంతా గొల్లుమంది. ఈశ్వరమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, ఓటు కూడా ఖాజాబీ వైపే వేసింది. నా తీర్మానం ఓడిపోయింది. ఇంటికొచ్చాక సుంకులమ్మను మంచినీళ్ళు కూడా అడగలేదు, నేనే ముంచుకొని తాగాను.

భరణి కార్తె, పన్నెండో రోజు

ఓడించిందే కాక ఖాజాబీ ఈరోజు ఇంకో పేచీ పెట్టింది. నేను ఎప్పుడూ పూట అయిన వెంటనే పోతున్నానట, పిండి పులిసేది మధ్యాహ్నమట. ఆ వేళ దాకా అంగడిలో కూర్చుంటేనే చూసినట్టట. రూలు ఆమె వైపే ఉంది. కూర్చున్నాను.

అంగడి వెనక గోడకు ఆనుకొని పిండిగిన్నె పక్కనే స్టూలు వేసింది. నాలుగు ఇడ్లీలు తిని కునికిపాట్లు పడుతుంటే వీపుకు వేడి తగిలింది. ముందు పట్టించుకోలేదు. కాసేపటికి చొక్కా తడిసి ముద్దయింది. లేచి గోడకు చెయ్యి ఆనించి చూశాను. కాగిన నీళ్ళచెంబులా ఉంది.

ఆ గోడ అవతల మూడో గాలిబావి ఉంది. పైనుంచి దిగే వడగాలిని చల్లార్చేది ఆ బావి లోపలి పూతే. మనుషుల్ని దింపి చూస్తే పూత నిలువునా నెర్రె విచ్చి ఉంది. పైన ఎండ ముదిరే మధ్యాహ్నం వేళ మాత్రమే ఆ వేడి గోడను దాటి ఇవతలికి వస్తోంది. రోహిణి కార్తె వడగాలి గనక దాంట్లోకి దిగి ఉంటే పూతంతా పెచ్చులూడి, ఆ వీధిలో ఒక్క ప్రాణం మిగిలేది కాదు.

"అయితే ఈశ్వరమ్మ కన్ను కాదంటావా?" అంది ఖాజాబీ, కాస్త నిరాశగా.

కృత్తిక కార్తె, ఆరో రోజు

బావి పూత పని వీధివీధంతా కలిసి చేస్తున్నాం. ఎవరు ఎక్కువ మోశారు, ఎవరు తక్కువ మోశారు అని పొద్దున పూట మళ్ళీ ఫిర్యాదులే. రాసుకుంటున్నాను.

నిన్న తట్ట మోస్తుంటే గుర్తొచ్చింది. నవకాంతి బావులకూ మా బావులకూ ఒకే ఏడాది, ఒకే మేస్త్రీలు పూత పూశారు. గుర్తొచ్చాక నాగరత్న మాట కూడా గుర్తొచ్చింది. ఇక్కడ మధ్యాన్నం దోసెలు తినము బావా. ఆ మాట అంటూ ఆమె వాకిలి దిక్కు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది.

ఉన్నపళంగా పోయాను. కేశవులు నన్ను ఆఫీసులో కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. నేను చెప్పిందంతా విని గోడ మీది పలక చూపించాడు.

"అందరూ బాగున్నారన్నా."

"బావిలోకి మనిషిని దింపి చూడు కేశవులూ."

"దింపాలంటే ఎవరన్నా బాగాలేదనాల. ఎవరూ అన్లేదు."

"వేడి కొలిచే యంత్రాలుండాయి గదా మీకు?"

"ఉండె. ఒక్కొక్కటే చెడిపోయినాయి."

"బాగు చేయించలేదా?"

"చెడిపోయిందని ఎవరో ఒకరు చెప్పాల గదన్నా" అన్నాడు మెల్లగా. ఆ మాట అనేటప్పుడు తన కడియాన్ని చొక్కా చేతి కిందికి లాక్కున్నాడు.

ఇక్కడ నిజం రాయాలి. నడవాలో తిరిగి వస్తుంటే నాకు సంతోషమేసింది. మా బావి బాగైంది, నీ బావి పగిలింది, ఇప్పుడు చూసుకో నీ తెల్లచొక్కా అనుకున్నాను. ఈల కూడా వేశాను. మా తలుపు దగ్గర సుంకులమ్మ ఎదురొచ్చి, "నాగరత్న ఎట్లుందయ్యా?" అని అడిగింది. ఈల ఆగిపోయింది.

ఆ ఇల్లు వద్దని ఆమెతో చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. "చెల్లెల్నైనా పిలుచుకొని రాకపోతివా" అంది.

"పిలిచినా. మొగుణ్ణీ అత్తనూ వదిలి రానంది."

రోహిణి కార్తె, నాలుగో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పూట నడుస్తుండగానే పైన వడతుఫాను మొదలైంది. మా బావులు నిలిచాయి. అప్పుడు నడవా తలుపు దగ్గరి మాటగొట్టం మోగింది. అది నవకాంతి మొదటి వీధి దాకా పోతుంది. కేశవులు గొంతు.

"అన్నా, పూత ఊడింది. నిప్పుగాలి లోపలికొస్తాంది. కాంతి గాలిని లోపలికి లాగే పంకాలు ఆపడంల్యా, తలుపు తీయడంల్యా. అందరూ బాగున్నారనే అనుకుంటాంది."

మేం సాయం చేయాలంటే ముందు మా తలుపు తీయాలి. తీస్తే మా చల్లగాలి వాళ్ళతో పంచుకోవాలి, అది అందరికీ చాలుతుందో లేదో ఎవరికీ తెలియదు. సభ అక్కడికక్కడే నిలబడి మాట్లాడింది. ముందు మనవాళ్ళను చూసుకుందామన్నవాళ్ళున్నారు. వాళ్ళ మాట తప్పని నేననలేను, వాళ్ళకూ పిల్లలున్నారు. ఖాజాబీ కొంగు దోపుకొని ముందుకొచ్చింది.

"నాకిష్టం లేదు. ఇరుకైతాది, ఉక్కపోస్తాది, నా పిండి మళ్ళా పులుస్తాది. అయినా చెయ్యెత్తుతాండా. రేపు పొద్దున మాత్రం దీని మీద గొణుగుతా, రాసుకో మద్దిలేటీ" అని చెయ్యెత్తింది. ఒక్కొక్క చెయ్యే లేచింది. వద్దన్నవాళ్ళలో కొందరు కూడా ఎత్తారు. కిర్రుమంటూ మా తలుపు తెరుచుకుంది.

నడవా దాటి వాళ్ళ తలుపు దగ్గరికి పరిగెత్తాం. పైన పచ్చటి అక్షరాలు వెలుగుతూనే ఉన్నాయి. తలుపు ఇనుముది, మా గునపాలకు గీత కూడా పడలేదు. ఆ తలుపు పక్కన కూడా మాటగొట్టం ఉంది.

"సగం ఇండ్లు మీట నొక్కితే తీస్తాది గదా! నొక్కమని చెప్పు!" అని అరిచాను.

"చెప్తాండానన్నా. ఊరు సగానికిపైగా ఈ తలుపు కాడనే ఉంది, ఒకర్నొకరు చూసుకుంటాండారు. మిగతావాళ్ళు నొక్కకపోతే తమకు నీళ్ళు పోతాయని."

"నువ్వు నొక్కినావా?"

గొట్టంలో దగ్గులు వినిపించాయి.

"కేశవులూ, నువ్వు నొక్కినావా?"

"లేదన్నా."

నా నోటికి వచ్చిన తిట్లన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. ఖాజాబీ నా భుజం గిల్లింది. "నువ్వు ఊరిచెవివి. అరిస్తే ఎవురు చెప్తారు నీకు? అడిగేది అడిగి నోరు మూసుకో" అంది.

గొట్టానికి నోరు ఆనించాను. "నాగరత్నను పిలువు" అన్నాను. తర్వాత రోజూ బల్ల ముందు అడిగే గొంతుతోనే అడిగాను.

"ఏం బాలేదు నాగరత్నా?"

సుంకులమ్మ పక్కనే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నొక్కవే తల్లీ అని అరవాలనిపించింది. అరవలేదు. ఊరిచెవిగా ఉన్న ఇన్ని రోజుల్లో అప్పుడు నోరు మూసుకోవడమంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

"పిండి బావా" అంది నాగరత్న. ఏడుస్తోంది. "ఉగాది కాన్నుంచి మధ్యాన్నానికే పులిసిపోతాంది. ఎవురికీ చెప్పల్యా. గోడ కాలుతాంది. పండుకుంటే వీపు కాలుతాంది. అత్తకు ఊపిరాడ్డంల్యా. బాలేదు బావా. ఏమీ బాలేదు."

ఆమె కడియం నుంచి టక్కుమని చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ఇంకో గొంతు, "మా ఇంట్లో కూడా!" అంది. మరో గొంతు, "మా పిల్లోనికి ఒంటినిండా బొబ్బలు!" అంది. ఆ తర్వాత గొంతులు వేరు చేయలేకపోయాను. ఏడేళ్ళ ఫిర్యాదులు ఒక్క గొట్టంలోంచి ఒకేసారి వచ్చాయి. నేను వింటూనే నిలబడ్డాను. పైన పచ్చటి అక్షరాలు ఆరిపోయాయి. తలుపు జారింది.

అందరూ రాలేదు. కేశవులు తల్లి లోపలి వీధిలోని ఇంట్లోనే ఉండిపోయింది, ఇక్కడి మాటలు అక్కడిదాకా పోలేదు. తీసుకురావడానికి పోయినవాళ్ళు మంచం మీద ప్రాణం లేని ఆమెను చూశారు. బొటనవేలు బాగాలేదు మీట మీదే ఉందట. నొక్కలేదట.

మృగశిర కార్తె, రెండో రోజు

ఊరు ఇరుకైంది, ఉక్కగా ఉంది. ఖాజాబీ అన్నట్టే రోజూ గొణుగుతోంది. నవకాంతివాళ్ళు మాత్రం పొద్దున పూటకు వచ్చి వరుసలో నిలబడతారు, బల్ల దాకా వస్తారు, "బాగుందయ్యా" అని వెళ్ళిపోతారు. వాళ్ళ చేతుల మీద మునుపు కడియం ఉన్నచోట తెల్లటి మచ్చ ఉంది. దాన్ని తడుముకుంటూ పోతారు.

మా ఇంట్లోనే ఉంటున్న నాగరత్న ఒక్కతే వచ్చిన నాలుగో రోజునుంచే మొదలుపెట్టింది. ఆమె మొదటి ఫిర్యాదు నా గురక మీద. రాసుకున్నాను.

కేశవులు రోజూ వస్తాడు. ఏమీ అనకుండా నా ఎదురుగా కాసేపు కూర్చొని లేచిపోతాడు. వరుసలో వెనక ఉన్నవాళ్ళు కూడా అతన్ని తొందరపెట్టరు.

మృగశిర కార్తె, పదమూడో రోజు

ఊరిచెవిగా నాకిది ఆఖరి రోజు. పైన వాన పడిందట, గాలిబావుల్లో మట్టివాసన వస్తోంది.

ఈరోజు కేశవులు బల్ల ముందు కూర్చున్నాడు. "ఏం బాలేదు?" అన్నాను.

"మా అమ్మ" అన్నాడు. చేతి మీది తెల్లమచ్చ తడుముకుంటూ మళ్ళీ అన్నాడు. "నేను నొక్కి ఉంటే ఆమె కూడా నొక్కేదన్నా. నన్ను చూసే నొక్కల్యా. కొడుకు పదవి పోతాదని."

ఎదురు చెప్పకూడదు. పూట అయ్యాక రూలు ప్రకారం అతనితో నడిచి వెళ్ళి నవకాంతి లోపలి వీధిలో ఆ మంచం చూశాను. గోడలు నల్లగా మాడి ఉన్నాయి. "సరేనా?" అని అడగాలి. అడగలేదు. ఆ ఫిర్యాదు మూతపడనివాటిలోనే ఉంది, రేపు వచ్చే ఊరిచెవికి అలాగే అప్పజెప్తాను. ఆ తర్వాత వచ్చేవాళ్ళకూ అలాగే పోతుంది.

తిరిగొచ్చేసరికి సుంకులమ్మ దోసెలు పోస్తోంది. పెనం మీది మొదటి దోసె, అంచులు ఎర్రగా కాలినది, నేతి చుక్క వేసి మరీ కేశవులు పళ్ళెంలో పెట్టింది. "తిను మరిదీ, ఒళ్ళు చిక్కిపోయింది" అంది. నాకు రెండోది పెట్టింది. అది ఒకవైపు మాడింది.

పెళ్ళయిన రోజునుంచీ ఇదే వరస. రేపు బల్ల వెనక ఊరిచెవిగా వేరే మనిషి కూర్చుంటాడు. వరుసలో మొదట నేనే నిలబడతాను.